ముల్లు పడిపోతే సంబరపడకండి

పాత కారు నడిపే ప్రతి ఒక్కరూ ఈ వేసవిలో గుర్తుంచుకోవాల్సిన మాట ఇది. టెంపరేచర్ మీటరు ముల్లు కాసేపు పైకి, కాసేపు కిందికి ఊగి, ఉన్నట్టుండి చల్లని వైపుకు పడిపోయిందంటే ఇంజన్ చల్లబడిందని నమ్మకండి. లోపల నీళ్లు అయిపోయి ఉండొచ్చు. హెడ్‌లోనో థర్మోస్టాట్ దగ్గరో బిగించి ఉండి మీటరుకు వేడి ఎంతో చెప్పే సెండర్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. నీటిమట్టం దిగిపోయి దాని కొస గాలిలోనో ఆవిరి బుడగలోనో మిగిలితే, చుట్టూ ఇంజన్ మాడిపోతున్నా ముల్లు దిగిపోవచ్చు. డ్రైవరు ఊపిరి పీల్చుకుని మళ్లీ యాక్సిలరేటర్ తొక్కుతాడు. ఆ తర్వాత హెడ్ వంగడానికి, గ్యాస్కెట్ పోవడానికి, పిస్టన్లు పట్టేయడానికి ఎంతో దూరం పట్టదు.

"మీటరే పోయింది లెండి, పాత బండి కదా" అనే మాట మన షెడ్లలో రోజూ వినిపిస్తుంది. చాలాసార్లు అది నిజం కూడా. ప్రమాదమంతా అందులోనే ఉంది. పదిసార్లు మీటరుదే తప్పు అయినప్పుడు, పదకొండోసారి నిజంగా ఇంజన్ కాగుతున్నా ఎవరూ బానెట్ ఎత్తరు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, ఎండలు, ముహూర్తాలు ఒకేసారి వస్తాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌ను చూసి గుర్తుపట్టేవాళ్లే తగ్గిపోయారు. కానీ పెళ్లి ఊరేగింపుకు, ఫొటో షూటుకు, సినిమా షూటింగుకు ఈ బండ్లకే ఇప్పుడు గిరాకీ. పెళ్లి ఊరేగింపు ఒకటి దగ్గర నుంచి చూడండి. ముందు గ్రిల్లు కనిపించకుండా బంతిపూల దండలు, గులాబీ గుత్తులు కట్టేస్తారు. రేడియేటర్‌కు గాలి వెళ్లే దారి అదొక్కటే. బ్యాండు మేళం నడక ఎంతో కారు నడక అంతే. పాత ఇంజన్లలో ఫ్యాన్ బెల్టు మీద తిరుగుతుంది కాబట్టి, ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఫ్యానూ నెమ్మదిగానే తిరుగుతుంది. ఇలా గంటసేపు ఫస్టు గేరులో, క్లచ్చి మీద కాలు పెట్టి నడిపితే, ఏ లోపమూ లేని బండి కూడా కాగుతుంది. ఇక ముల్లు ఊగే బండి సంగతి చెప్పాలా? చివరికి ఎక్కడో జంక్షన్‌లో ఆగుతుంది. బానెట్ ఎత్తుతారు. వరుడి తమ్ముళ్లు, పిల్లలు, బ్యాండువాళ్లు చుట్టూ మూగుతారు. ఎవరో ఒకరు చేతిగుడ్డ మడిచి రేడియేటర్ మూత మీద పెడతారు.

ఆ చేతిని ఆపడానికే ఈ హెచ్చరిక.

మూత బిగించిన రేడియేటర్ మన వంటింటి ప్రెషర్ కుక్కర్ లాంటిదే, విజిల్ తప్ప. మూత మీద 4, 7, 10, 13 అని ఒక అంకె కొట్టి ఉంటుంది. చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి వరకు అది పట్టి ఉంచుతుంది. 7 పౌండ్ల మూత కింద మామూలు నీరు 111 డిగ్రీల దాకా మరగకుండా నిలుస్తుంది. మూత తిప్పిన మరుక్షణం ఆ ఒత్తిడి పోతుంది. 100 డిగ్రీలు దాటి ఉన్న నీటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్లకు పైగా చోటు కావాలి. అంత చోటు రేడియేటర్‌లో లేదు కనుక మిగిలిన మరిగే నీటిని తోసుకుంటూ బయటకు చిమ్ముతుంది. చిమ్మేది పైకి, అంటే వంగి చూస్తున్న ముఖం మీదికి. 70 డిగ్రీల నీరు చర్మాన్ని లోతుగా కాల్చడానికి ఒక సెకను చాలు. ఇది 100 దాటిన నీరు. మడిచిన గుడ్డ దాన్ని ఆపదు. పైగా తడిసి చేతికి అంటుకుంటుంది.

మూతకు రెండు మెట్లు ఉంటాయి, మొదటి మెట్టు దగ్గర ఆపితే ఒత్తిడి పక్క గొట్టంలోంచి పోతుంది కదా అని అనుభవజ్ఞులు వాదిస్తారు. కొత్త మూతకు, కొత్త రేడియేటర్ మెడకు ఆ మాట చెల్లుతుంది. నలభై ఏళ్లు అరిగిన మెడ మీద ఆ మెట్టు ఉందో లేదో చేతికి తెలిసేలోపే మూత ఎగిరిపోతుంది. అందుకే ఒకటే నియమం: ఇంజన్ ఆపండి, మనుషుల్ని పక్కకు పంపండి, కనీసం గంట ఆగండి. పైన ఉండే పెద్ద హోస్ పైపు ఇంకా గట్టిగా బిగుసుకుని కనిపిస్తోందంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. పూర్తిగా చల్లారాక కూడా ముఖం పక్కకు తిప్పే మూత తీయాలి. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు కుమ్మరించడం మరో పాత అలవాటు. పోత ఇనుము పగులుతుంది. పగిలిన హెడ్డుకు బదులు ఇంకొకటి ఇప్పుడు మార్కెట్లో ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోండి.

ఎవరికైనా కాలితే వెంటనే ధారగా పడే చల్లటి నీటి కింద ఆ భాగాన్ని 20 నిమిషాలు ఉంచండి. గాజులు, ఉంగరాలు, వాచీ వాపు రాకముందే తీసేయండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, వెన్న, మంచుగడ్డ ఏదీ వద్దు. శుభ్రమైన నూలుగుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముఖం, కళ్లు కాలితే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు మీటరు సంగతి. వెతికే పద్ధతి మన దగ్గర తలకిందులుగా ఉంది. ముల్లు ఆడితే ముందు డాష్‌బోర్డు విప్పుతారు, ఆ తర్వాత వైర్లు పీకుతారు, ఇవన్నీ అయ్యాక ఎప్పటికో నీళ్లు చూస్తారు. ముందు నీళ్లు, తర్వాతే మీటరు. తెల్లవారి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి మట్టం చూడండి. తగ్గి ఉంటే ఎటు పోతోందో తేలేదాకా బండి బయటికి తీయొద్దు. వాటర్ పంపు కింద తడి, హోస్ క్లిప్పుల దగ్గర తెల్లటి మరకలు, సైలెన్సర్‌లో తీపి వాసన వేసే తెల్లటి పొగ, ఇంజన్ ఆయిల్ మూత కింద పాలమీగడ రంగు జిగురు, ఇవన్నీ సాక్ష్యాలే. ఇంకొకటి ఉంది. మూత తీసి, చల్లని ఇంజన్‌ను అప్పుడే స్టార్టు చేసి మెడలోకి దూరం నుంచి చూడండి. బుడగలు ఆగకుండా వస్తూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ దాటి సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తోందని అనుమానించాలి. ఆ గ్యాసు బుడగలు సెండర్ దగ్గర చేరినప్పుడే ముల్లు ఎగిరెగిరి పడుతుంది. అంటే మీటరు బాగానే ఉండి, ఇంజన్ చెడిపోయిన సందర్భం ఇది. ఇక్కడ మీటరు మార్చితే డబ్బూ పోతుంది, ఇంజనూ పోతుంది.

ముల్లు ఎలా కదులుతోందన్నదే సగం జవాబు. ఆరేడు లీటర్ల నీరు ఒక్క క్షణంలో ముప్పై డిగ్రీలు వేడెక్కదు, చల్లబడదు. గతుకు ఎక్కగానే ముల్లు దూకితే, హెడ్‌లైట్లు వేయగానే కదిలితే, హారన్ నొక్కగానే వణికితే అది కరెంటు లోపం. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే నెమ్మదిగా పెరిగి, దిగుతుంటే నెమ్మదిగా తగ్గితే ముల్లు నిజమే చెబుతోంది. ఘాట్ మాట వచ్చింది కాబట్టి అరకు వెళ్లేవాళ్లకు ఒక మాట. సుమారు 900 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి నీరు మరిగే స్థానం 97 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. మూత రబ్బరు పాడై ఒత్తిడి పట్టని బండి కింద విశాఖలో బాగానే ఉండి పైన అనంతగిరి మలుపుల్లో కాగడానికి ఇదీ ఒక కారణం.

మీ బండిలో మీటరు ఏ రకమో ముందు తెలుసుకోండి. కొన్ని పాత కార్లలో మీటరు నుంచి ఇంజన్ దాకా సన్నటి రాగి గొట్టం వస్తుంది. కొసన ఉండే బల్బులో ఈథర్ ఉంటుంది. వేడికి అది ఆవిరై, ఆ ఒత్తిడితో ముల్లు కదులుతుంది. ఇందులో కరెంటు పనేమీ లేదు. ఈ గొట్టం కత్తిరించినా, మడత పడి చిట్లినా ఈథర్ పోతుంది, ముల్లు చల్లని వైపు శాశ్వతంగా పడుకుంటుంది. టంకం వేసి అతికిద్దామని నిప్పు దగ్గరికి తీసుకెళ్లొద్దు. ఈథర్ ఇట్టే అంటుకుంటుంది. ఈ పని తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

మిగతావాటిలో సెండర్‌కు ఒకే వైరు ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ సెండర్ నిరోధం తగ్గుతుంది, మీటరులోకి కరెంటు ఎక్కువగా పారుతుంది, ముల్లు లేస్తుంది. పరీక్ష సులువే. ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్ చేసి ఆ వైరు ఊడదీయండి. ముల్లు చల్లని వైపు ఉండాలి. వైరు కొసను ఇంజన్ ఇనుముకు కొద్దిసేపు తాకించండి. ముల్లు వేడి వైపు కదలడం మొదలుపెట్టాలి. కదిలిందని తెలియగానే వైరు తీసేయండి. చివరిదాకా పోనిస్తే మీటరులోని చుట్ట కాలిపోతుంది. ఈ రెండూ సరిగ్గా జరిగితే మీటరు, వైరు బాగున్నట్టు. అనుమానం సెండర్ మీదికి, లేదా ఎర్త్ మీదికి వెళ్లాలి.

ఎర్త్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మన మెకానిక్కులు ఎక్కువగా దాటేసేది దాన్నే. సెండర్ తన మరల ద్వారానే ఇంజన్‌కు ఎర్త్ అవుతుంది. లీకు రాకూడదని తెల్లటి టేపు దట్టంగా చుట్టి బిగిస్తే ఆ ఎర్త్ తెగి తెగి దొరుకుతుంది, ముల్లు తోచినట్టు ఆడుతుంది. ఇంతకంటే పెద్ద సమస్య ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిన ఎర్త్ పట్టీది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. ఆ పట్టీ తుప్పు పట్టి తెగితే స్టార్టర్ లాగే వందలాది ఆంపియర్ల కరెంటుకు తిరిగి వెళ్లే దారి ఉండదు. చోక్ తీగ, యాక్సిలరేటర్ తీగ ఆ దారి అవుతాయి. అవి ఎర్రగా కాలి, కార్బురేటర్ పక్కనే మంట పుట్టించగలవు. ముల్లు ఊగుతూ, స్టార్టర్ ఈడుస్తూ, చోక్ నాబు చేతికి వెచ్చగా తగిలితే ఇంకొక్కసారి కూడా స్టార్టు చేయొద్దు. మల్టీమీటర్ ఉన్నవాళ్లు స్టార్టర్ తిరుగుతున్నప్పుడు ఇంజన్ బ్లాకుకూ, బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కూ మధ్య వోల్టేజి చూడండి. అర వోల్టు దాటితే ఆ దారి బాగోలేదని అర్థం. కొత్త పట్టీకి అయ్యే ఖర్చు ఒక పూట టిఫిన్ల ఖర్చు పాటిది.

టెంపరేచర్ ముల్లుతో పాటు పెట్రోలు ముల్లు కూడా ఆడుతోందా? ఇది చూడకుండా సెండర్ కొనకండి. అరవైల నుంచి చాలా బ్రిటిష్ కార్లలో ఈ రెండు మీటర్లకూ కలిపి డాష్‌బోర్డు వెనక ఒక చిన్న రేకు డబ్బీ ఉంటుంది, వోల్టేజి స్టెబిలైజర్. లోపల వేడికి వంగే రేకు కలుస్తూ విడిపోతూ, బ్యాటరీ ఎంత ఇచ్చినా సగటున 10 వోల్టులే మీటర్లకు అందేలా చూస్తుంది. అది కలిసి అంటుకుపోతే, లేదా దాని ఎర్త్ పోతే, రెండు ముళ్లూ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. విడిపోయి నిలిచిపోతే రెండూ చచ్చిపోతాయి. డిజిటల్ మీటరుతో కొలిస్తే అంకెలు గెంతుతూ ఉంటాయి, దాన్ని చూసి డబ్బీ పోయిందనుకుంటారు. చిన్న టెస్టు ల్యాంపు పెట్టండి. బల్బు మినుకుమినుకుమంటే డబ్బీ పని చేస్తున్నట్టే. బదులుగా 7810 అనే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వేసేవాళ్లు చాలామంది ఉన్నారు, మంచిదే. కానీ బ్యాటరీ పాజిటివ్ ఎర్త్ అయిన పాత బండికి అది పనికిరాదు, 7910 కావాలి.

సెండర్ బాగుందో లేదో తేల్చడానికి వంటింటి గిన్నె చాలు. పాతది విప్పి, కొస మాత్రం మునిగేలా నీళ్లలో పెట్టి, పక్కన థర్మామీటరు ఉంచి స్టవ్ వెలిగించండి. వేడి పెరుగుతుంటే మల్టీమీటర్ మీద నిరోధం ఆగకుండా, గెంతకుండా తగ్గుతూ రావాలి. మధ్యలో దూకితే అది చెత్తబుట్టకే. కొత్తది కొనేటప్పుడు మర పడితే చాలని ఏదో బండిది తెచ్చి పెడతారు. మర సరిపోయినా నిరోధం సరిపోదు. ఇంజన్ 80 డిగ్రీల్లో హాయిగా ఉన్నా ముల్లు ఎర్రగీత మీద నిలబడుతుంది, లేదా 100 దాటినా సగంలోనే ఉంటుంది. రెండోది చాలా ప్రమాదం. కొత్త సెండర్ వేసిన రోజే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో థర్మోస్టాట్ హౌసింగు మీద కొలిచి, ముల్లు ఎక్కడుంటే ఎన్ని డిగ్రీలో రాసి పెట్టుకోండి. మెరిసే లోహం మీద ఆ పరికరం తక్కువ చూపిస్తుంది, కనుక అక్కడ చిన్న నల్ల టేపు ముక్క అంటించి కొలవాలి.

థర్మోస్టాట్ తీసి పారేయడం మన ప్రాంతపు ఆచారంలా తయారైంది. "ఎండల దేశంలో అదెందుకు" అంటారు. ఇది తప్పుడు సలహా, ఎన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లు చెప్పినా తప్పే. 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఆ వాల్వు ఇంజన్‌ను ఒక వేడి దగ్గర నిలుపుతుంది. అది లేని బండిలో ముల్లు హైవే మీద చల్లగా పడుకుని ట్రాఫిక్‌లో లేస్తుంది. డ్రైవరుకు ఏది మామూలో, ఏది ప్రమాదమో గుర్తు లేకుండా పోతుంది. బోరు నీళ్లు పోయడం ఇలాంటిదే మరొకటి. నల్గొండ, ప్రకాశం వైపు బోరు నీళ్లు మరిగిన గిన్నె అడుగు చూస్తే చాలు, రేడియేటర్ గొట్టాల్లో ఏం పేరుకుంటుందో అర్థమవుతుంది. ఆ సున్నం సెండర్ కొసకూ పడుతుంది, ముల్లు ఆలస్యంగా లేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. రేడియేటర్ ఒక్కటే కాకుండా బ్లాకు పక్కన ఉండే డ్రెయిన్ ట్యాపు కూడా విప్పి కడగండి. తీసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలకు, కుక్కలకు అందకుండా చూడండి.

పరీక్షలు చేసేటప్పుడు కూడా జాగ్రత్త. షట్టరు దించిన షెడ్డులో ఇంజన్ నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పాత బెల్టు ఫ్యానుకు చుట్టూ రక్షణ ఉండదు. మెడలో తువ్వాలు, వదులు చొక్కా చేతులు, చున్నీ దాని దగ్గరికి పోకూడదు.

ఇక అమ్మేవాళ్ల సంగతి. ముల్లు ఎర్రగీతకు పోతోందని సెండర్ వైరు పీకేసి, చల్లని వైపు పడుకున్న ముల్లును చూపించి బండి అంటగట్టడం మోసం. కొనేవాళ్లు చల్లని ఇంజన్‌ను తామే స్టార్టు చేసి, ముల్లు నెమ్మదిగా లేచి ఒకచోట నిలబడేదాకా చూడాలి. అరగంట నడిపినా కదలని ముల్లు మంచి లక్షణం కాదు. పెళ్లిళ్లకు బండ్లు తిప్పేవాళ్లు మరో సంగతి కూడా తెలుసుకోవాలి. యాభై ఏళ్లు దాటి, 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని వ్యాపారానికి తిప్పడం చట్టప్రకారం కుదరదు.

ముహూర్తాలకు బండి ఒప్పుకున్న యజమానులారా, గ్రిల్లు మీద పూలు కట్టనివ్వకండి. ఊరేగింపులో అరగంటకోసారి బండి పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ముల్లు ఆడుతున్న బండినైతే, కారణం తేలేదాకా, అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి షెడ్డులోనే ఉంచండి.